పక్షవాతం వస్తే మొదటి గంట, మొదటి మూడు రోజులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు అడిగేది ఇద్దరు. కోనసీమలోనో, నరసాపురం, కాకినాడ చుట్టుపక్కల ఊళ్ళలోనో ఇంట్లో పెద్దాయన ఉన్నట్టుండి పడిపోతే ఏం చెయ్యాలో తోచని ఇంటివాళ్ళు ఒకరు. ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో, వార్డులో రాత్రి డ్యూటీ చేసే స్టాఫ్ నర్సులు ఇంకొకరు. ఇద్దరికీ కలిపే రాశాం. గడ్డ కరిగించే ఇంజెక్షన్ గురించి అందరూ అడుగుతారు, అడగాల్సిందే. కానీ దాని పని గంటలో అయిపోతుంది. ఆ తర్వాత 72 గంటలు జ్వరం, షుగరు, మింగడం ఎంత శ్రద్ధగా చూశారన్నది కూడా మనిషి మళ్ళీ తన కాళ్ళ మీద తను నిలబడతాడా లేదా అన్నదాన్ని మారుస్తుందని పరిశోధనలు గట్టిగా చెబుతున్నాయి. అందుకే ఆ సంగతికి ఇక్కడ ఎక్కువ చోటిచ్చాం.

పక్షవాతమేనని ఇంట్లో ఎలా గుర్తుపట్టాలి?

మూడు పనులు చేయించండి. పళ్ళు కనబడేలా నవ్వమనండి: మూతి ఒక పక్కకి లాగుతోందా? కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాచి పది సెకన్లు ఉంచమనండి: ఒక చెయ్యి కిందకి జారుతోందా? ఒక వాక్యం చెప్పమనండి: మాట ముద్దగా వస్తోందా, అడిగినదానికి సంబంధం లేని జవాబు వస్తోందా? మూడింటిలో ఒక్కటి తేడాగా ఉన్నా, అది ఉన్నట్టుండి వచ్చినదైతే, 108కి ఫోన్ చెయ్యండి. ఉన్నట్టుండి ఒక కంటికో ఒక పక్కకో చూపు పోవడం, నిలబడలేక తూలిపోవడం, ఎన్నడూ రానంత తలనొప్పి రావడం కూడా ఇందులోకే వస్తాయి.

మూతి ఒక్కటే వంకర పోయి, ఆ పక్క నుదురు కూడా ముడతపడకపోతే అది ముఖ నరం జబ్బు కావచ్చు. ఆ తేడా తేల్చాల్సింది డాక్టరే. ఇంట్లో తేల్చుకుని ఆగిపోకండి.

అరగంటలో అంతా సర్దుకుంది. అయినా వెళ్ళాలా?

వెళ్ళాలి, ఆరోజే వెళ్ళాలి. వచ్చి పోయిన ఈ చిన్న స్ట్రోకు తర్వాత పెద్దది వచ్చే ప్రమాదం మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువ. ఇలాంటివాళ్ళకి స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాక ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి మొదలుపెడితే తర్వాతి స్ట్రోకులు తగ్గుతాయని 2013లో చైనాలో జరిగిన ఛాన్స్ అధ్యయనం, 2018లో పాయింట్ అధ్యయనం చూపించాయి. సాధారణంగా రెండు మందులూ కలిపి మూడు వారాలు, ఆ తర్వాత ఒకటే. చీటీలో రెండూ రాసి ఉన్నాయని నెలల తరబడి రెండూ మింగితే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. రెండోది ఎప్పుడు ఆపాలో డాక్టరుగారిచేత తేదీ వేయించుకోండి.

బండి వచ్చేలోపు ఏమివ్వాలి?

నోట్లో ఏమీ వెయ్యొద్దు. కాఫీ, మంచినీళ్ళు, కొబ్బరినీళ్ళు, సోడా, ఏదీ వద్దు. గొంతు సగం పడిపోయిన మనిషికి పలచటి నీళ్ళే అన్నిటికన్నా ప్రమాదం, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

బీపీ బిళ్ళ నాలుక కింద పెట్టొద్దు. మెదడుకి రక్తం అందని చోట శరీరం కావాలనే బీపీ పెంచుకుంటుంది. దాన్ని ఒక్కసారిగా పడగొడితే ఇంకా బతికున్న భాగం కూడా పోతుంది. ఆస్పిరిన్ కూడా ఇంట్లో వద్దు. ఎక్కువమందికి గడ్డ అడ్డుపడే రకమే అయినా, మిగిలినవాళ్ళకి లోపల రక్తం కారుతూ ఉంటుంది. పైనుంచి చూసి ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. గుండెనొప్పికి ఇచ్చే సార్బిట్రేట్ ఇక్కడ పనికిరాదు.

ఊళ్ళో ఆర్‌ఎంపీగారు వచ్చి గ్లూకోజు సెలైన్ ఎక్కిస్తానంటే వద్దనండి. షుగరు పెరిగితే మెదడు దెబ్బ పెద్దదవుతుంది, ఆ బాటిల్ అయ్యేలోపు గంట గడిచిపోతుంది. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే మాత్రం ఒక చుక్క తీసి చూడండి. షుగరు బాగా పడిపోయినా పక్షవాతంలాగే కనబడుతుంది. అంకె 70 కన్నా తక్కువ ఉంటే 108 వాళ్ళకి ముందు ఆ మాటే చెప్పండి, ఐవీ ద్వారా గ్లూకోజు ఇస్తారు. ఆ ఒక్క సందర్భంలోనే గ్లూకోజు మందు.

వాంతి అవుతుంటే, స్పృహ తగ్గుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. కట్టుడు పళ్ళు ఉంటే తీసెయ్యండి.

నాటు మందు తెస్తామంటున్నారు. ముందు అది చూసి తర్వాత ఆసుపత్రికి వెళ్ళొచ్చా?

వెళ్ళకూడదు. ముక్కులో పసరు పిండటం, పావురం రక్తం రాయడం, కషాయం తాగించడం, వీటివల్ల గడ్డ కరగదు. ముక్కులో, నోట్లో పోసినవి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియా తెస్తాయి. అక్కడికి వెళ్ళినవాళ్ళు కొందరు బాగుపడ్డారన్న మాట నిజమే. స్ట్రోకు తర్వాత మొదటి వారాల్లో చాలామందికి కొంత శక్తి దానంతటదే తిరిగి వస్తుంది, ఆ పేరు మందుకి దక్కుతుంది. కానీ పెద్ద రక్తనాళం మూసుకున్నప్పుడు నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని 2006లో వేసిన లెక్క. మందు కోసం పక్క ఊరు వెళ్ళి వచ్చే రెండు గంటల్లో పోయినవి మళ్ళీ రావు.

ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి? దగ్గరున్నదానికా, పెద్దదానికా?

ఫోన్‌లోనే రెండు ప్రశ్నలు అడగండి: "ఇప్పుడు సీటీ స్కాన్ పనిచేస్తోందా? స్ట్రోకుకి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇప్పుడు ఇవ్వగలరా?" రెండింటికీ ఔనన్న ఆసుపత్రుల్లో దగ్గరిదే మీకు సరైనది. స్కాన్ లేని నర్సింగ్ హోముకి ముందు వెళ్ళి, అక్కడ సెలైన్ పెట్టించుకుని, ఆ తర్వాత పెద్దాసుపత్రికి బయల్దేరడమే డెల్టాలో ఎక్కువ సమయం మింగేసే పని.

దారి ముందే ఆలోచించుకోండి. రాజోలు వైపు నుంచి చించినాడ వంతెన దాటితే పాలకొల్లు, భీమవరం. ముమ్మిడివరం వైపు నుంచి ఎదుర్లంక వంతెన మీదుగా యానాం, అక్కడినుంచి కాకినాడ. అక్కడ రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా ప్రభుత్వ సాధారణ ఆసుపత్రి ఉంది. రావులపాలెం దగ్గరివాళ్ళకి రాజమహేంద్రవరం. సఖినేటిపల్లి రేవులో పంటు మీద నరసాపురం దాటేవాళ్ళు రాత్రిపూట పంటు తిరగదన్నది గుర్తుంచుకుని చించినాడ దారే పట్టాలి. జులై నుంచి సెప్టెంబరు దాకా వరదకి కాజ్‌వేలు మునిగే లంక గ్రామాల్లో బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్న పెద్దలుంటే, పడవ ఎవరిది, ఏ రేవుకి 108 వస్తుంది అన్నది వరదకి ముందే మాట్లాడి పెట్టుకోండి.

వెంట ఏం తీసుకెళ్ళాలి?

మనిషిని చివరిసారి బాగా ఉండగా చూసినవాళ్ళు వెంట రావాలి. వాళ్ళు రాలేకపోతే వాళ్ళ ఫోన్ నంబరైనా చేతిలో ఉండాలి. వాడుతున్న మందుల అట్టలన్నీ సంచిలో వేసుకోండి. రక్తం పలచన చేసే అసిట్రోమ్, వార్ఫ్, డాబిగాట్రాన్, రివరాక్సాబాన్, అపిక్సాబాన్ లాంటివి ఉంటే చివరి బిళ్ళ ఎన్నింటికి వేసుకున్నారో తెలియాలి. ఈమధ్య చేసిన బరువు తెలిస్తే చెప్పండి, ఇంజెక్షన్ డోసు బరువు మీదే లెక్క. ఆధార్, రేషన్ కార్డు కాగితాలు వెనకాల వచ్చేవాళ్ళు తెచ్చినా సరిపోతుంది, వాటికోసం బండి ఆపొద్దు.

నాలుగున్నర గంటలు ఎప్పటినుంచి లెక్క?

గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి ఉన్న గడువు ఇది. లెక్క కనిపెట్టిన సమయం నుంచి కాదు, చివరిసారి బాగా ఉన్న సమయం నుంచి. రాత్రి పదింటికి పడుకుని, నాలుగింటికి లేచి బాత్రూముకి మామూలుగా నడిచి వెళ్ళి, ఆరింటికి చెయ్యి పడిపోయి కనబడితే లెక్క నాలుగింటి నుంచి. ఆ నాలుగింటి సంగతి ఎవరూ చెప్పకపోతే లెక్క పదింటి నుంచి పడుతుంది, ఇంజెక్షన్ తప్పిపోతుంది. రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలా ఉన్న మనిషైతే ఆఖరి ఫోన్ కాల్ ఎప్పుడు మాట్లాడాడో, ఏరేటర్లు ఎప్పుడు వేశాడో కనుక్కోండి.

నిద్రలో వచ్చిందని చేతులెత్తెయ్యక్కర్లేదు. ఎంఆర్‌ఐలో రెండు రకాల చిత్రాలు పోల్చి, దెబ్బ కొత్తదని తేలితే ఇంజెక్షన్ ఇవ్వొచ్చని 2018లో వేక్-అప్ అధ్యయనం చూపింది. ఆ సౌకర్యం అన్నిచోట్లా లేదు, అడిగి తెలుసుకోండి.

స్కాన్ నార్మల్ అన్నారు. మరి ఇంజెక్షన్ ఎందుకంటున్నారు?

సీటీ మొదట తీసేది రక్తస్రావం ఉందా లేదా చూడటానికి. రక్తం వెంటనే తెల్లగా కనబడుతుంది. రక్తం అందక దెబ్బతిన్న భాగం మాత్రం మొదటి కొన్ని గంటలు సీటీలో కనబడకపోవచ్చు. అందుకే చెయ్యీ కాలూ పడిపోయి ఉండగా స్కాన్ నార్మల్‌గా ఉందంటే అది ఇంజెక్షన్‌కి మంచి సమయం అని అర్థం, జబ్బు లేదని కాదు. "నార్మల్ అన్నారు కదా, ఇంటికి తీసుకుపోతాం" అని వెళ్ళి, మర్నాడు తిరిగొచ్చే కుటుంబాలు ఉంటాయి. అప్పటికి స్కాన్‌లో మచ్చ స్పష్టంగా కనబడుతుంది, ఇంజెక్షన్ గడువు దాటిపోయి ఉంటుంది.

ఆ ఇంజెక్షన్ ఎలా పనిచేస్తుంది? ఎంత ప్రమాదం?

కాలవలో తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డుపడితే దిగువ చేలు ఎండినట్టు, గడ్డ అవతలి మెదడు ఎండిపోతుంది. ఆల్టిప్లేజ్, టెనెక్టిప్లేజ్ అన్న మందులు ఆ గడ్డలోని ఫైబ్రిన్ దారాలను కరిగిస్తాయి. 1995లో అమెరికాలో వచ్చిన ఎన్‌ఐఎన్‌డీఎస్ అధ్యయనంలో మూడు గంటల్లోపు ఆల్టిప్లేజ్ ఇచ్చినవాళ్ళు మూడు నెలలకి దాదాపు ఏ లోపమూ లేకుండా ఉండే అవకాశం కనీసం 30 శాతం ఎక్కువ అని తేలింది. 2008లో యూరప్ అధ్యయనం ఆ గడువుని నాలుగున్నర గంటలకి పెంచింది. అయినా మూడో గంటలో ఇచ్చినదానికన్నా మొదటి గంటలో ఇచ్చింది ఎక్కువ పనిచేస్తుంది, గడువు ఉంది కదా అని ఆగకూడదు.

ప్రమాదం దాచకూడదు. అదే 1995 అధ్యయనంలో మందు ఇచ్చినవాళ్ళలో 6.4 శాతం మందికి మెదడులో రక్తం కారి పరిస్థితి దిగజారింది. ఇవ్వనివాళ్ళలో అది 0.6 శాతం. అంత ప్రమాదం కలుపుకుని చూసినా మొత్తం మీద మందు తీసుకున్నవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. సంతకం పెట్టే ముందు బంధువులందరితో ఫోన్‌లో మాట్లాడాలని గంట తీసుకుంటే ఆ మేలు తరిగిపోతుంది. నిర్ణయం తీసుకునే మనిషి ఒకరే వెంట ఉండటం మంచిది.

మెదడులో రక్తస్రావం ఉన్నవాళ్ళకి, మూడు నెలల్లోపు తలకి పెద్ద దెబ్బ తగిలినవాళ్ళకి, రెండు వారాల్లోపు పెద్ద ఆపరేషన్ అయినవాళ్ళకి, ప్లేట్‌లెట్లు లక్ష కన్నా తక్కువ ఉన్నవాళ్ళకి, రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్‌ఆర్ పరీక్షలో అంకె 1.7 దాటినవాళ్ళకి మామూలుగా ఇవ్వరు.

నర్సులకి: డోసు, కలపడం, ఎక్కడ తప్పు జరుగుతుంది?

ఆల్టిప్లేజ్ కిలోకి 0.9 మిల్లీగ్రాములు, ఎంత బరువున్నా 90కి మించకూడదు. అందులో పదో వంతు ఒక నిమిషంలో బోలస్, మిగతాది గంటసేపు ఇన్ఫ్యూజన్ పంపులో. 60 కిలోల మనిషికి మొత్తం 54, బోలస్ 5.4, ఇన్ఫ్యూజన్ 48.6. వయల్‌తో వచ్చే స్టెరైల్ వాటర్‌తో మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము వచ్చేలా కలపండి. ఊపకండి, మెల్లగా గుండ్రంగా తిప్పండి. ఊపితే నురగ వచ్చి డోసు సరిగ్గా లాగలేరు. సిరంజి ఖాళీ అయ్యాక ట్యూబులో ఇంకా కొన్ని మిల్లీలీటర్ల మందు మిగిలి ఉంటుంది. దాన్ని పారేస్తే డోసు తక్కువైనట్టే. అదే వేగంతో నార్మల్ సెలైన్ పెట్టి ఆ మిగిలింది కూడా లోపలికి పంపండి.

టెనెక్టిప్లేజ్ ఒకే బోలస్: కిలోకి 0.25, గరిష్ఠం 25 మిల్లీగ్రాములు. 2022లో కెనడాలో యాక్ట్ అధ్యయనం ఈ డోసు ఆల్టిప్లేజ్‌కి తీసిపోదని చూపింది. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు గుండెపోటు డోసు. అదే మందు గుండెకి దాదాపు రెట్టింపు ఇస్తారు. క్యాజువాలిటీలో చేతికి అలవాటైన డోసు అదే కాబట్టి, ఇచ్చే ముందు "స్ట్రోకు, ఇంత బరువు, ఇన్ని మిల్లీగ్రాములు" అని ఇద్దరు పైకి చెప్పుకుని సరిచూసుకోవాలి. డెక్స్‌ట్రోజ్ నడుస్తున్న లైన్‌లో టెనెక్టిప్లేజ్ వేస్తే విరిగి గడ్డకడుతుంది. ముందూ వెనకా నార్మల్ సెలైన్‌తో ఫ్లష్ చెయ్యండి.

బరువు కంటి అంచనాతో వెయ్యొద్దు. స్ట్రెచరుతో సహా తూచి స్ట్రెచరు బరువు తీసెయ్యండి. ఐవీ కాన్యులాలు రెండు, రెండూ మందుకి ముందే, పడిపోని చేతికే. మందు మొదలుపెట్టాక కొత్తగా పొడిస్తే అక్కడ రక్తం ఆగదు. మందు నడుస్తున్న చేతికి బీపీ కఫ్ కట్టకండి, కఫ్ బిగిసిన ప్రతిసారీ పంపు ఆగిపోతుంది. ఇంజెక్షన్‌కి ముందు అందరికీ తప్పనిసరిగా కావాల్సిన రక్తపరీక్ష షుగరు ఒక్కటే. రక్తం పలచన చేసే మందులో, రక్తస్రావ జబ్బో ఉంటే తప్ప మిగతా రిపోర్టుల కోసం ఆగొద్దు. లోపలికి వచ్చిన దగ్గర్నుంచి గంటలోపు సూది పడాలన్నది లక్ష్యం.

బీపీ 200 ఉంది. తగ్గించడం లేదేంటి?

ఇంజెక్షన్ ఇచ్చేదుంటే ముందు 185/110 కిందకి తేవాలి, ఇచ్చాక 24 గంటలు 180/105 దాటనివ్వకూడదు. ఇంజెక్షన్ గానీ గడ్డ తీసే ప్రొసీజరు గానీ లేనివాళ్ళకి, గుండె, కిడ్నీ వంటి వేరే కారణం లేకపోతే, 220/120 దాటేదాకా మామూలుగా ముట్టుకోరు. రక్తస్రావమైతే లెక్క వేరు, పై అంకెని 140 దగ్గరికి తెస్తారు. ఒకే వార్డులో పక్కపక్క మంచాల మీద ఇద్దరికి రెండు రకాలుగా చేస్తున్నారని కంగారు పడొద్దు, జబ్బే వేరు.

ఇంజెక్షన్ అయ్యాక ఎంత తరచుగా చూడాలి?

మొదటి రెండు గంటలు పావుగంటకోసారి, తర్వాత ఆరు గంటలు అరగంటకోసారి, ఆపై పదహారు గంటలు గంటకోసారి బీపీ, నాడి, స్పృహ, చేతి కాలి బలం. అంటే మొత్తం 36 సార్లు. తెల్లవారుజామున వార్డులో ఒక్కరే ఉన్నప్పుడు ఇది ఎంత భారమో తెలుసు. అయినా రక్తస్రావాన్ని ముందు పట్టేది ఈ చూపే. కొత్తగా తలనొప్పి, వాంతి, ఉన్నట్టుండి పెరిగిన బీపీ, మగత, ఇంకాస్త పడిపోయిన చెయ్యి, వీటిలో ఏదొచ్చినా ఆల్టిప్లేజ్ నడుస్తుంటే ముందు పంపు ఆపండి, తర్వాత డాక్టరుని పిలవండి, స్కాన్‌కి సిద్ధం చెయ్యండి.

నాలుక, పెదవులు చూడటం చాలామంది మరిచిపోతారు. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు వాడేవాళ్ళలో కొందరికి ఇంజెక్షన్ తర్వాత నాలుక వాచి ఊపిరి ఆడదు. వాపు తరచు పడిపోయిన పక్కనే మొదలవుతుంది.

ఇంజెక్షన్ ఇచ్చిన 24 గంటలకి తీసే స్కాన్ అయ్యేదాకా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, రక్తం పలచన చేసే హెపారిన్ ఇవ్వరు. ముక్కులో ట్యూబు, యూరిన్ పైపు తప్పనిసరి అయితే తప్ప వెయ్యొద్దు.

గడ్డని తీగతో లాగేస్తారట?

పెద్ద రక్తనాళం మూసుకున్నప్పుడు తొడ దగ్గరి నాళంలోంచి సన్నటి గొట్టం పంపి గడ్డని బయటికి లాగుతారు. 2015లో నెదర్లాండ్స్‌లో జరిగిన మిస్టర్ క్లీన్ అధ్యయనం ఆరు గంటల్లోపు దీని మేలు రుజువు చేసింది. 2018లో డాన్, డిఫ్యూజ్ 3 అధ్యయనాలు ఎంచిన రోగుల్లో వరుసగా 24, 16 గంటల దాకా పనికొస్తుందని చూపాయి. ఇది చేసే కేంద్రాలు పెద్ద నగరాల్లోనే ఉంటాయి. అందుకని ఇంజెక్షన్ మానేసి అక్కడికి పరుగెత్తొద్దు. ఇంజెక్షన్‌కి అర్హత ఉంటే ఇక్కడ వేయించుకునే బయల్దేరాలి.

న్యూరాలజిస్టు లేని ఊళ్ళో ఈ వైద్యం ఎలా సాధ్యం?

హిమాచల్ ప్రదేశ్‌లో 2014లో మొదలైన టెలీస్ట్రోక్ కార్యక్రమం దీనికి మన దేశంలో మంచి ఉదాహరణ. జిల్లా ఆసుపత్రుల్లోని ఫిజీషియన్లు స్కాన్ బొమ్మల్ని ఫోన్‌లో దూరానున్న న్యూరాలజిస్టుకి పంపి, వాళ్ళ సలహాతో ఇంజెక్షన్ ఇచ్చారు. కొండలు అక్కడ ఎంత అడ్డమో గోదావరి పాయలు ఇక్కడ అంత అడ్డం. స్కాన్, ఇంజెక్షన్, ఫోనెత్తే న్యూరాలజిస్టు ఉంటే డెల్టాలోని ఏరియా ఆసుపత్రిలోనూ ఇది చెయ్యొచ్చని మా నమ్మకం.

జ్వరం, షుగరు, మింగడం: వీటికి అంత ప్రాధాన్యం ఎందుకు?

2011లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 19 స్ట్రోక్ యూనిట్లలో క్యూఏఎస్‌సీ అన్న అధ్యయనం జరిగింది. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. దాదాపు సగం యూనిట్లలో నర్సులకి జ్వరం, షుగరు, మింగడం చూసే మూడు పద్ధతులు నేర్పారు. తొంభై రోజులకి చూస్తే, మరణించినవాళ్ళు, ఒకరి మీద ఆధారపడి బతికేవాళ్ళు కలిపి మామూలు యూనిట్లలో 58 శాతం, ఈ యూనిట్లలో 42 శాతం. నూటికి పదహారు మంది తేడా. ఇంత తేడా తెచ్చిన మందులు స్ట్రోకు వైద్యంలో చాలా కొద్ది.

జ్వరం: 72 గంటలు నాలుగు గంటలకోసారి థర్మామీటరుతో. 37.5 డిగ్రీలు, అంటే 99.5 ఫారెన్‌హీట్ చేరితే పారాసెటమాల్. నుదుటి మీద చెయ్యి పెట్టి చూడటం మే నెల ఉక్కలో అసలు లెక్కలోకి రాదు. జ్వరం తగ్గించి ఊరుకోకండి, ఎక్కడినుంచి వచ్చిందో వెతకండి: ఊపిరితిత్తులు, యూరిన్ పైపు, కాన్యులా పెట్టిన చోటు.

షుగరు: వచ్చిన వెంటనే ఒకసారి, తర్వాత వార్డు పద్ధతి ప్రకారం. 140 నుంచి 180 మధ్య ఉంచడం లక్ష్యం. ఇంకా కిందకి దించితే మేలు లేదని, షుగరు మరీ పడిపోయే ప్రమాదమే పెరుగుతుందని 2019లో షైన్ అధ్యయనం తేల్చింది. డ్రిప్ అవసరమైతే నార్మల్ సెలైన్.

మింగడం: పరీక్ష అయ్యేదాకా బిళ్ళలు కూడా నోట్లో వెయ్యకూడదు. ఆస్పిరిన్ ఇవ్వాల్సి వస్తే మలద్వారం ద్వారానో, ట్యూబు ద్వారానో.

మింగే పరీక్ష ఎలా చెయ్యాలి?

మనిషి మెలకువగా ఉండాలి, నిటారుగా కూర్చోగలగాలి. లేకపోతే పరీక్ష వాయిదా. ముందు నోరు శుభ్రం చెయ్యండి, పేరు చెప్పించి గొంతు ఎలా ఉందో వినండి, దగ్గమనండి. తర్వాత చెంచాతో 5 మిల్లీలీటర్ల నీళ్ళు, మూడుసార్లు. ప్రతిసారీ గొంతు ముడి మీద వేళ్ళు ఆనించి అది పైకి లేస్తోందో చూడండి, మింగాక "ఆ" అనిపించండి. దగ్గు రాలేదు, గొంతు గరగరలాడలేదు అంటే 90 మిల్లీలీటర్లు గ్లాసుతో ఆపకుండా తాగించండి. మధ్యలో ఆగినా, తాగుతుండగానో నిమిషంలోపో దగ్గినా, గొంతు తడిగా మారినా తప్పినట్టే. నోటితో ఏమీ ఇవ్వొద్దు, మర్నాడు మళ్ళీ చూడండి.

కొందరికి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయినా దగ్గు రాదు. కాబట్టి పాసైనవాళ్ళకి కూడా రెండు రోజులు జ్వరం, ఊపిరి వేగం గమనిస్తూ ఉండాలి.

ఇక్కడ ఇంటివాళ్ళకి చేతులు జోడించి చెప్పేదొకటుంది. నర్సు అటు తిరగగానే "రాత్రి నుంచి గొంతు తడవలేదు పాపం" అని కొబ్బరినీళ్ళు పట్టకండి. ప్రేమతో పట్టిన ఆ నాలుగు గుక్కలు న్యుమోనియా తెస్తాయి. పెదవులు, నాలుక తడిగుడ్డతో తుడవండి, అదే ఉపశమనం.

ట్యూబు వేశారు. ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి?

ట్యూబు కడుపులోనే ఉందని ఎక్స్‌రేతో గానీ, లాగిన ద్రవం పీహెచ్ 5.5 లోపు ఉందని చూసి గానీ తేల్చుకోవాలి. సిరంజితో గాలి కొట్టి పొట్ట మీద చప్పుడు వినే పాత పద్ధతిని నమ్మొద్దు, ట్యూబు ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ చప్పుడు వినిపిస్తుంది.

తలవైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, ఒక్కోసారి 200 మిల్లీలీటర్ల దాకా, మెల్లగా. పెట్టాక అరగంట నుంచి గంట అలాగే ఉంచండి. రాగి జావ, పప్పుకట్టు, పాలు ఏదైనా గుడ్డలో వడకట్టాలి. బిళ్ళలు మెత్తగా నూరి ఒక్కొక్కటీ విడిగా ఇచ్చి, ముందూ తర్వాతా 30 మిల్లీలీటర్ల నీళ్ళు పొయ్యండి. ట్యూబు మూసుకుపోయే కారణం ఎక్కువగా ఆహారంలో కలిపేసిన మందుపొడే. మెల్లగా కరిగేలా తయారుచేసిన బిళ్ళలు నూరకూడదు, డోసంతా ఒకేసారి దిగిపోతుంది.

మళ్ళీ నోటితో మొదలుపెట్టేటప్పుడు మెత్తగా చిదిమిన పెరుగన్నం పలచటి మజ్జిగ కన్నా, గట్టి జావ చారు కన్నా సురక్షితం. బాగున్న పక్క బుగ్గలో చిన్న ముద్ద పెట్టి, మింగాక పడిపోయిన పక్క బుగ్గలో ఏమీ మిగల్లేదని వేలితో చూడండి.

ఎలా పడుకోబెట్టాలి? ఎప్పుడు లేపి కూర్చోబెట్టాలి?

తల చదునుగా ఉంచాలా, 30 డిగ్రీలు ఎత్తాలా అన్నదానికి 11,000 మందికి పైగా రోగులతో హెడ్‌పోస్ట్ అధ్యయనం 2017లో జవాబు చెప్పింది: మూడు నెలలకి తేడా లేదు. కాబట్టి ఊపిరికీ ఆహారానికీ ఏది సౌకర్యమో అదే.

రెండు గంటలకోసారి పక్క తిప్పండి. నులక మంచం మధ్యలో కుంగి బరువంతా నడుం కింద పడుతుంది, ఇంట్లో గట్టి పరుపో గాలి పరుపో వెయ్యండి. మన ఉక్కలో చెమటకి నానిన చర్మం ఊరికే చిట్లుతుంది: తిప్పిన ప్రతిసారీ నడుం కింద, మడమలు, తుంటి ఎముకలు చూసి, పొడిగా తుడవండి. ఎర్రబడ్డ చోట రుద్దకండి, ఆ చోటు మీద బరువు లేకుండా చూడండి.

పడిపోయిన చెయ్యి పట్టుకుని పైకి లాగడం వల్ల భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వ్యాయామం చెయ్యనివ్వదు. చంక కింద చేతులు వేసి కూడా ఎత్తొద్దు. వీపు వెనక, తుంటి దగ్గర పట్టు పట్టండి. పడుకున్నా కూర్చున్నా ఆ చేతి కింద దిండు ఉండాలి.

కాళ్ళలో గడ్డలు రాకుండా పొడవాటి బిగుతు మేజోళ్ళు తొడగడం 2009 దాకా అలవాటుగా ఉండేది. వాటివల్ల మేలు లేదని, చర్మం పుళ్ళు పడుతుందని క్లాట్స్ అధ్యయనం చూపింది. గాలి నింపి వదిలే పంపు తొడుగులు మాత్రం పనిచేస్తాయని 2013లో అదే వరుసలో మూడో అధ్యయనం చెప్పింది.

లేపడం గురించి తొందర వద్దు. 24 గంటల్లోపే ఎక్కువసేపు లేపి నడిపించిన రోగులు మూడు నెలలకి కాస్త వెనకబడ్డారని 2015లో అవర్ట్ అధ్యయనంలో తేలింది. మొదటి రోజు తర్వాత, కొద్దికొద్దిసేపు, ఎక్కువసార్లు. అది మేలు.

మెదడుకి బలం ఇంజెక్షన్లు రాశారు. కొనాలా?

సిటికోలిన్ మీద 2012లో ఇక్టస్ అన్న పెద్ద అధ్యయనం జరిగింది, మేలేమీ కనబడలేదు. డిప్రెషన్‌కి వాడే ఫ్లూయాక్సెటిన్ బలం తెస్తుందన్న ఆశ 2018లో ఫోకస్ అధ్యయనంతో పోయింది, పైగా ఎముకలు విరగడం పెరిగింది. చేతిలో ఉన్న డబ్బు పరిమితమైతే గాలి పరుపు, థర్మామీటరు, గ్లూకోమీటరు స్ట్రిప్పులు, ఫిజియోథెరపీ, వీటికే ముందు పెట్టమని మా సలహా.

రక్తస్రావమైతే చేసేదేమీ లేదంటారు కదా?

ఆ మాట పాతబడింది. 2023లో వచ్చిన ఇంటరాక్ట్3 అధ్యయనంలో మన దేశం కూడా ఉంది. బీపీ పై అంకెని గంటలో 140 లోపుకి తేవడం, షుగరు అదుపు, జ్వరం అదుపు, రక్తం పలచన చేసే వార్ఫరిన్ ప్రభావాన్ని వెంటనే తిప్పికొట్టడం, ఇవన్నీ కలిపి ఒకేసారి చేస్తే ఆరు నెలలకి పరిస్థితి మెరుగ్గా ఉందని, మరణాలు తగ్గాయని తేలింది. అంటే ఇక్కడా గడియారమే, ఇక్కడా నర్సింగే.

బాలింతకి తలనొప్పి, ఫిట్స్ వచ్చాయి. ఇది కూడా పక్షవాతమేనా?

కావచ్చు. కాన్పు తర్వాత వారాల్లో మెదడు సిరల్లో గడ్డ కట్టడం మన దేశంలో చిన్న వయసు ఆడవాళ్ళ స్ట్రోకుకి ఒక ముఖ్య కారణం. రోజురోజుకీ పెరిగే తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, ఒక పక్క బలహీనత దీని లక్షణాలు. పథ్యం పేరుతో బాలింతకి నీళ్ళు తగ్గించడం రక్తాన్ని చిక్కబరుస్తుంది. దాహం వేసినన్ని నీళ్ళు తాగనివ్వండి. దీనికి వైద్యం హెపారిన్. స్కాన్‌లో కొంత రక్తం కనబడినా ఇస్తారు, ఎందుకంటే ఆ రక్తం కారింది సిర మూసుకుపోవడం వల్లే. "రక్తస్రావం ఉంటే రక్తం పలచన చేస్తారా" అని భయపడి ఆపించొద్దు. సాదా సీటీలో ఇది తప్పిపోవచ్చు, సిరల స్కాన్ అడగండి.

ఇంట్లో మేమే వ్యాయామాలు చేయిస్తే సరిపోతుందా?

భారతదేశంలోనే 14 ఆసుపత్రుల్లో, 1,250 మందితో, కుటుంబసభ్యులకి నేర్పించి ఇంట్లో చేయించే పద్ధతిని అటెండ్ అధ్యయనం పరీక్షించింది. ఫలితాలు 2017లో వచ్చాయి: మామూలు వైద్యం కన్నా అదనపు మేలు కనబడలేదు. ఇంట్లో చేయించడం దండగ అని దీని అర్థం కాదు. ఫిజియోథెరపిస్టు పనిని కుటుంబం ఒక్కటే భర్తీ చెయ్యలేదని అర్థం. వారానికోసారైనా చూపించుకుని, వాళ్ళు చెప్పింది మిగతా రోజులు చేయించండి.

ఆసుపత్రిలో పరిశోధనలో చేరమంటున్నారు. చేరొచ్చా?

పైన చెప్పిన ప్రతి సంగతీ ఎవరో రోగులు, వాళ్ళ ఇంటివాళ్ళు ఒప్పుకోబట్టే తెలిసింది. చేరే ముందు నాలుగు అడగండి: నైతిక కమిటీ అనుమతి ఉందా, భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నంబరు ఎంత, చేరకపోతే మామూలు వైద్యం అలాగే అందుతుందా, మధ్యలో మానుకోవచ్చా. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, ఒక ప్రతి మీకివ్వాలి. ట్రయల్‌లో హాని జరిగితే ఉచిత వైద్యం అందించాలని 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయి. రోగి మాట్లాడలేని స్థితిలో ఉంటే చట్టబద్ధమైన ప్రతినిధి సంతకం పెట్టొచ్చు, రోగి తేరుకున్నాక మళ్ళీ వారినే అడగాలి. చదవడం రానివాళ్ళయితే ఆసుపత్రికి సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి.